నాన్న కళ్లెలో ఐఎల్-8, ఎలాస్టేజ్ టెస్టు చేయించడం వల్ల ఉపయోగం ఉందా?

కొండపి_కుర్రాడు:
నమస్తే అందరికీ. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మా నాన్నకి 66 ఏళ్లు, సీఓపీడీ, అంటే శ్వాసనాళాలు ఇరుకై ఆయాసం వచ్చే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు. చుట్ట అలవాటు ఉండేది, దానికి తోడు వయసులో ఉన్నన్నాళ్లూ పొగాకు ఆరబెట్టే బ్యారన్ల దగ్గరే పని. సీజన్ వచ్చిందంటే రాత్రిళ్లు మంట చూసుకుంటూ అక్కడే పడుకునేవాడు. కుర్రతనంలో ఒకసారి టీబీ కూడా వచ్చింది, మందులు మొత్తం వాడాడని నానమ్మ చెప్పేది. చుట్ట మానేసి చాలా కాలమైంది. అయినా పొద్దున లేస్తే చాలు దగ్గు, అరకప్పు దాకా కళ్లె. మామూలుగా తెల్లగానో లేత పసుపుగానో ఉంటుంది, చలికాలంలో ఉన్నట్టుండి ఆకుపచ్చగా మారిపోతుంది, ఆయాసం పెరుగుతుంది. ఊళ్లో ఆర్ఎంపీ ఐదు రోజులు యాంటీబయోటిక్ ఇస్తాడు, ఒక స్టెరాయిడ్ ఇంజెక్షన్ పొడుస్తాడు, తగ్గుతుంది, మళ్లీ మామూలే.

అసలు సంగతేంటంటే డల్లాస్‌లో ఉండే మా బావ ఏదో ఆర్టికల్ పంపాడు. ఇలాంటి పేషెంట్ల కళ్లెలో ఐఎల్-8, టీఎన్ఎఫ్ ఆల్ఫా, ఎలాస్టేజ్ లాంటి ఇన్‌ఫ్లమేషన్ కెమికల్స్ ఉంటాయని, అవి కొలిస్తే జబ్బు ఎంత ముదిరిందో తెలుస్తుందని అందులో ఉంది. "మామయ్యకి ఆ టెస్టు చేయించు" అని రోజూ వాట్సాప్‌లో ఒకటే పోరు. హైదరాబాద్‌లో కొన్ని ల్యాబులకి ఫోన్ చేశాను. రక్తంలో ఐఎల్-6 అయితే చేస్తాం అన్నారు, కోవిడ్ టైంలో అందరం విన్న పేరే అది. కళ్లెలో చేస్తారా అని అడిగితే ఫోన్ ఎత్తినమ్మాయి "సార్, ఏఎఫ్‌బీ టెస్టా?" అంది, అంటే టీబీకి చేసే కళ్లె పరీక్ష.

ఆ టెస్టు మన దగ్గర ఎక్కడైనా చేస్తారా, చేయించినా ట్రీట్‌మెంట్ మారుతుందా? కళ్లె ఆకుపచ్చబడిన ప్రతిసారీ యాంటీబయోటిక్ వేయాల్సిందేనా? పొగ మానేసిన మనిషికి ఇంకా ఈ కెమికల్స్ ఎక్కడి నుంచి వస్తున్నాయి? తెలిసినవాళ్లు చెప్పండి.

బందరు_లడ్డు:
బ్రో, టెస్టు సంగతి తర్వాత. ముందు ఆ ఆర్ఎంపీ దగ్గర స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఆపించు. మా పెదనాన్న అలాగే పొడిపించుకుని షుగర్ తెచ్చుకున్నాడు, ఎముకలు గుల్లయ్యాయి. ఒక మంచి పల్మనాలజిస్టుకి చూపించి స్పైరోమెట్రీ (ఊపిరి సామర్థ్యం కొలిచే టెస్టు), సీటీ చేయించు. మిగతావి ఆయనే చెప్తాడు.

కళ్లె_పీహెచ్‌డీ:
నాకు బాగా తెలిసిన టాపిక్ తగిలింది. యూకేలో నా పీహెచ్‌డీ అంతా పరాయివాళ్ల కళ్లెతోనే గడిచింది, ఇంట్లో అడిగితే ఏం చదువుతున్నానో చెప్పుకోలేకపోయేదాన్ని. నేను డాక్టర్ని కాదు, ల్యాబ్ మనిషిని. అది గుర్తుపెట్టుకుని చదవండి.

టెస్టు గురించి ముందు. అది రీసెర్చ్ టెస్టు. రొటీన్‌గా ఇక్కడా చేయరు, అక్కడా చేయరు. ఎందుకో తెలియాలంటే ఎలా చేస్తారో చూడాలి. పేషెంటుకి మొదట గొట్టాలు తెరిచే సాల్బుటమాల్ పీల్పిస్తాం, తర్వాత 3 శాతం ఉప్పునీటిని నెబులైజర్‌లో పెట్టి కళ్లె తెప్పిస్తాం. దాన్ని గాజు పళ్లెంలో పోసి, ఉమ్మి వేరు, కళ్లె ముద్దలు వేరు చేసి, ఆ ముద్దల్ని మాత్రం ఫోర్సెప్స్‌తో ఏరి తూకం వేయాలి. ఉమ్మి ఎక్కువ కలిస్తే లెక్క మొత్తం తప్పుతుంది. తూకానికి నాలుగు రెట్లు డీటీటీ అనే ద్రావణం పోసి తిప్పితే జిగురు విడిపోతుంది. వడకట్టి సెంట్రిఫ్యూజ్ చేస్తే పైన తేలిన నీటిలో కెమికల్స్, అడుగున కణాలు. ఇదంతా కళ్లె వచ్చిన రెండు గంటల్లోపు అయిపోవాలి. పైగా డీటీటీ చేసే పనే సల్ఫర్ బంధాలు తెంచడం, మనం కొలవాలనుకునే కొన్ని ప్రొటీన్లలోనూ అవే బంధాలు ఉంటాయి, దాంతో అవి దెబ్బతిని రీడింగ్ మారిపోతుంది. ఒక ల్యాబ్ అంకెని ఇంకో ల్యాబ్ అంకెతో పోల్చలేం. ఒకే మనిషిలో ఈ వారానికీ వచ్చే వారానికీ కూడా చాలా తేడా వస్తుంది. ఇంత అవస్థపడి వచ్చిన అంకెని చూసి మీ నాన్నగారికి ఏ డాక్టరూ మందు మార్చలేరు. "ఇంత దాటితే ఈ మందు" అనే కటాఫ్ లేదు కాబట్టి.

అలాగని మీ బావగారు పంపింది తప్పు కాదు. 1996లో లండన్‌లో కీటింగ్స్, బార్న్స్ బృందం సీఓపీడీ వాళ్ల కళ్లెలో ఐఎల్-8, టీఎన్ఎఫ్ ఆల్ఫా ఎక్కువగా ఉన్నాయని చూపించింది. పొగతాగినా జబ్బు లేనివాళ్లలో అంత లేవు. అప్పటి నుంచి ఈ కెమికల్స్ మీద బోలెడు పని జరిగింది.

ఇవి వచ్చే తీరు ఇది. పొగ తగిలినప్పుడు శ్వాసనాళాల లోపలి పొరలోని కణాలు, మాక్రోఫేజ్‌లు అనే కాపలా కణాలు ఐఎల్-8ని, ల్యూకోట్రైన్ బీ4ని వదులుతాయి. ఆ రెండూ రక్తంలోని న్యూట్రోఫిల్స్‌ని, అంటే తెల్లకణాల్లో ఒక రకాన్ని, ఊపిరితిత్తుల్లోకి పిలుస్తాయి. వచ్చిన న్యూట్రోఫిల్స్ బ్యాక్టీరియాని చంపడానికి ఎలాస్టేజ్ అనే ఎంజైమ్‌ని కక్కుతాయి. మంటలార్పడానికి వచ్చినవాళ్లు ఇంట్లో సామానంతా తడిపి పాడుచేసినట్టు, ఆ ఎలాస్టేజ్ ఊపిరితిత్తుల్లో సాగే గుణం ఉన్న ఎలాస్టిన్‌ని కొరికేస్తుంది, కళ్లె ఊరే కణాలని రెచ్చగొడుతుంది, కళ్లెని పైకి తోసే సన్నటి వెంట్రుకల్లాంటి సీలియాని మందగింపజేస్తుంది. ఇంకా ఘోరం ఏంటంటే, బ్యాక్టీరియాని గుర్తుపట్టడానికి పనికొచ్చే యాంటీబాడీలనే ముక్కలు చేస్తుంది. దాంతో బ్యాక్టీరియా అక్కడే మకాం వేస్తుంది, దాన్ని చూసి మళ్లీ ఐఎల్-8, మళ్లీ న్యూట్రోఫిల్స్. ఈ చక్రం ఒకసారి మొదలయ్యాక పొగ అక్కర్లేదు, దానంతట అదే తిరుగుతుంది.

మీ మూడో ప్రశ్నకి జవాబు ఇదే. నెదర్లాండ్స్‌లో గ్రోనింగెన్ వాళ్లు 2005లో ప్రచురించిన స్టడీలో, సీఓపీడీ ఉన్నవాళ్లు పొగ మానేసి ఏడాదైనా కళ్లెలో న్యూట్రోఫిల్స్, ఐఎల్-8 తగ్గలేదు సరికదా పెరిగాయి. ఇది విని నాన్నగారు "మరి మానేసి లాభమేంటి" అనకుండా చూసుకోండి, మానేసినవాళ్లలో ఊపిరి సామర్థ్యం పడిపోయే వేగం బాగా తగ్గుతుంది. అది గట్టిగా రుజువైన విషయం.

ఎలాస్టేజ్‌కి మన ఒంట్లోనే విరుగుడు ఉంది, ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్. లివర్ తయారుచేస్తుంది. 1963లో స్వీడన్‌లో లారెల్, ఎరిక్సన్ అది లేనివాళ్లకి చిన్న వయసులోనే ఎంఫైసీమా (ఊపిరితిత్తుల్లో గాలి గదులు పాడైపోయే జబ్బు) వస్తోందని గమనించారు, ఎలాస్టేజ్ మీద అందరి కన్ను పడింది అక్కడి నుంచే. పొగ ఆ విరుగుడునీ దెబ్బతీస్తుంది. కళ్లె బాగా చీము పట్టినప్పుడైతే విరుగుడు ఎంత ఉన్నా చాలదు.

రంగు గురించి ఇంకో పోస్టు పెడతాను, ఇప్పటికే చాలా అయింది.

బందరు_లడ్డు:
తింటూ చదివాను అక్కా. ఇక లడ్డు లోపలికి పోదు.

కళ్లె_పీహెచ్‌డీ:
సారీ తమ్ముడూ. రంగు గురించి చదివే ముందు పెరుగన్నం కూడా ముగించు.

కళ్లె ఆకుపచ్చగా ఉండేది బ్యాక్టీరియా రంగు వల్ల అని చాలామంది అనుకుంటారు. మామూలుగా ఆ రంగు న్యూట్రోఫిల్స్‌ది. వాటిలో మైలోపెరాక్సిడేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది, లోపల ఇనుము ఉన్న హీమ్ ఉండటం వల్ల అది ఆకుపచ్చగా ఉంటుంది. 1941లో స్వీడన్‌లో ఆగ్నర్ అనే ఆయన చీములోంచే దాన్ని వేరుచేశాడు. తెలుపు నుంచి పసుపు, పసుపు నుంచి ఆకుపచ్చ అయ్యే కొద్దీ మైలోపెరాక్సిడేజ్, ఎలాస్టేజ్, ఐఎల్-8 అన్నీ పెరుగుతాయి. బర్మింగ్‌హామ్‌లో స్టాక్లీ బృందం ఒక కలర్ చార్టుతో పోల్చి మరీ చూపించింది. అంటే మీ బావగారు కొలవమంటున్న కెమికల్స్‌ని రోజూ పొద్దున మీ నాన్నగారు తెల్ల గిన్నెలో ఉమ్మి చూసుకుంటే సుమారుగా కొలిచినట్టే, పైసా ఖర్చు లేకుండా. రోజూ ఉండే రంగు ఏదో తెలియాలి, దాని నుంచి మార్పు వచ్చిందా అన్నది చూడాలి. ఒక్కరోజు రంగుని పట్టుకుని ఏమీ చెప్పలేం, రాత్రంతా నిలవున్న కళ్లె పొద్దున ముదురుగా రావడం మామూలే.

యాంటీబయోటిక్ సంగతి కూడా అక్కడే ఉంది. స్టాక్లీ వాళ్లే 2000లో 121 మంది సీఓపీడీ పేషెంట్లని జబ్బు ముదిరినప్పుడు చూశారు. కళ్లె చీములా ఉన్నవాళ్లలో 84 శాతం మందికి కల్చర్‌లో (ల్యాబులో శాంపిల్‌ని పెంచి చూసే పరీక్షలో) బ్యాక్టీరియా పెరిగింది, తెల్లగా ఉన్నవాళ్లలో 38 శాతం మందికే. ఆ తెల్లకళ్లె వాళ్లకి యాంటీబయోటిక్ ఇవ్వలేదు, దాదాపు అందరూ అది లేకుండానే కోలుకున్నారు. కాబట్టి ఆయాసం పెరిగి, కళ్లె ఎక్కువై, రంగూ మారితే యాంటీబయోటిక్‌కి అర్థం ఉంది. ఆయాసం ఒక్కటే పెరిగి కళ్లె ఎప్పట్లాగే తెల్లగా ఉంటే చాలాసార్లు అక్కర్లేదు. మధ్యలో ఊగిసలాట ఉన్నప్పుడు రక్తంలో సీఆర్‌పీ, అంటే ఇన్‌ఫ్లమేషన్ ఉంటే పెరిగే ప్రొటీన్, చూడొచ్చు. 2019లో యూకేలో క్లినిక్కులోనే వేలి చుక్కతో సీఆర్‌పీ చూసి నిర్ణయిస్తే యాంటీబయోటిక్ వాడకం 77 నుంచి 57 శాతానికి తగ్గింది, పేషెంట్లకి నష్టమేమీ జరగలేదు. సీఆర్‌పీ మన జిల్లా కేంద్రాల్లో ఏ ల్యాబులోనైనా చేస్తారు.

మైక్రో_మాస్టారు:
పై మేడమ్ చెప్పింది బాగుంది, కానీ మన దగ్గర ఇంకో చిక్కు ఉంది, అది గట్టిగా చెప్పాలి. నేను మైక్రోబయాలజీ ల్యాబులో చేస్తాను.

ఈ మనిషికి పాత టీబీ ఉంది. రోజూ అరకప్పు కళ్లె అంటే ఒట్టి సీఓపీడీ అని నేను నమ్మను, బ్రాంకియెక్టాసిస్ ఉండొచ్చు, అంటే గొట్టాలు వెడల్పై చీము నిలవుండే జబ్బు. మన దేశంలో దాని వెనక ఎక్కువగా కనబడేది పాత టీబీయే. 2019లో వచ్చిన ఇండియా రిజిస్ట్రీలో 2195 మంది పేషెంట్లలో మూడో వంతు పైగా టీబీ తర్వాత వచ్చినవే. అది తేలాలంటే హెచ్ఆర్‌సీటీ (ఊపిరితిత్తులని స్పష్టంగా చూపే సీటీ స్కాన్) కావాలి, ఎక్స్‌రేలో సరిగ్గా తెలియదు.

రెండోది. ఆర్ఎంపీ ఇచ్చే ఐదు రోజుల గోళీల్లో లీవోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయోటిక్ ఉందేమో చూడండి. టీబీ మళ్లీ వచ్చి ఉంటే ఆ మందు దాన్ని కొన్నాళ్లు కప్పిపెడుతుంది, పేషెంటుకి తగ్గినట్టే ఉంటుంది, డయాగ్నసిస్ నెలలు ఆలస్యమవుతుంది. ఏ యాంటీబయోటిక్ అయినా మొదలుపెట్టకముందే కళ్లె ఇవ్వాలి: ఒకటి టీబీకి, ఇప్పుడు చాలాచోట్ల సీబీనాట్ గానీ ట్రూనాట్ గానీ (టీబీ క్రిమి జన్యువుని వెతికే టెస్టులు) ప్రభుత్వమే ఉచితంగా చేస్తుంది, రెండోది మామూలు కల్చర్‌కి. కల్చర్‌లో సూడోమోనాస్ అనే మొండి బ్యాక్టీరియా వచ్చిందంటే మామూలు గోళీలు పనిచేయవు, ట్రీట్‌మెంటే వేరు.

ఇక కళ్లె ఇచ్చే పద్ధతి. సగం మంది డబ్బాలో ఉమ్మి ఇచ్చి పోతారు. మేం స్లైడ్ మీద చూస్తే ఒక ఫీల్డులో చీము కణాలు 25 దాటాలి, నోటి లోపలి పొర కణాలు 10 కంటే తక్కువ ఉండాలి, లేకపోతే శాంపిల్ తిప్పి పంపుతాం. పొద్దున నీళ్లతో పుక్కిలించి, గట్టిగా ఊపిరి పీల్చి, లోపల్నుంచి దగ్గి తీసింది ఇవ్వండి. ముందురోజు రాత్రి తీసి ఫ్యాన్ కింద పెట్టింది తీసుకురావద్దు, చాలామంది తెస్తారు.

అడ్డసరం_టీ:
ఇంత పెద్ద పెద్ద పేర్లు దేనికండీ, మా ఊళ్లో అడ్డసరం ఆకు కషాయం తాగిస్తే కళ్లె కరిగిపోతుంది. బ్రోమ్‌హెక్సిన్ సిరప్ కూడా ఆ ఆకులో ఉండే వాసిసిన్ నుంచి తయారైందే, కావాలంటే చూసుకోండి.

కళ్లె_పీహెచ్‌డీ:
బ్రోమ్‌హెక్సిన్ మాట నిజమే, ఒప్పుకుంటాను. కానీ కళ్లె పల్చబడటం వేరు, లోపల ఎలాస్టేజ్ తగ్గడం వేరు. కషాయం వల్ల గొంతుకి హాయిగా ఉంటే ఉండొచ్చు, దాని మీద నమ్మకంతో ఇన్‌హేలర్ ఆపడం మాత్రం వద్దు.

"కెమికల్ తెలిసింది కదా, దాన్ని ఆపేస్తే సరి" అనుకుని పెద్ద కంపెనీలు కూడా దెబ్బతిన్నాయి. టీఎన్ఎఫ్ ఆల్ఫాని అడ్డుకునే ఇన్‌ఫ్లిక్సిమాబ్ కీళ్లవాతంలో అద్భుతంగా పనిచేస్తుంది కదా, 2007లో సీఓపీడీలో చూస్తే ప్రయోజనం లేదు. ఐఎల్-8ని పట్టే యాంటీబాడీ ఇస్తే ఆయాసం కాస్త నయమైంది, ఊపిరి సామర్థ్యం మారలేదు. ల్యూకోట్రైన్ బీ4ని అడ్డుకునే మందుని సిస్టిక్ ఫైబ్రోసిస్‌లో (కళ్లె బాగా చిక్కబడే జన్యు జబ్బు) ఇస్తే ఇన్‌ఫెక్షన్లు పెరిగి ట్రయల్ మధ్యలోనే ఆపేశారు. న్యూట్రోఫిల్స్‌ని మొత్తంగా రాకుండా చేస్తే బ్యాక్టీరియాతో పోరాడేదెవరు మరి. చచ్చిన న్యూట్రోఫిల్స్ డీఎన్ఏ వల్ల కూడా కళ్లె చిక్కబడుతుంది, దాన్ని కోసే డోర్నేస్ సిస్టిక్ ఫైబ్రోసిస్‌లో బాగా పనిచేస్తుంది, అదే మందు మామూలు బ్రాంకియెక్టాసిస్‌లో 1998లో ఇచ్చి చూస్తే పరిస్థితి ఇంకా దిగజారింది. పేపర్ మీద అంతా కరెక్టే, పేషెంటులో రివర్స్.

పనిచేసింది ఒకటుంది. న్యూట్రోఫిల్స్‌ని ఆపకుండా, ఎముక మజ్జలో అవి తయారయ్యేటప్పుడే ఎలాస్టేజ్‌కి పదును రాకుండా చేసే గోళీ, బ్రెన్సోకాటిబ్. 2020లో వచ్చిన ట్రయల్‌లో కళ్లెలో ఎలాస్టేజ్ తగ్గింది, జబ్బు తిరగబెట్టడమూ తగ్గింది. తర్వాత పెద్ద ట్రయల్ కూడా నిలబడింది, 2025 ఆగస్టులో అమెరికాలో బ్రాంకియెక్టాసిస్‌కి అనుమతి ఇచ్చారు. సీఓపీడీకి కాదు. ధర చూస్తే మాత్రం గుండె ఆగుతుంది. మీ బావగారి ఆర్టికల్‌లో ఎలాస్టేజ్ ప్రస్తావన వచ్చింది బహుశా ఈ ఊపులోనే.

కొండపి_కుర్రాడు:
అందరికీ చాలా థ్యాంక్స్. బావకి ఈ థ్రెడ్ లింకు పంపాను, ఇంతవరకు బ్లూ టిక్కులే తప్ప రిప్లై లేదు.

అప్‌డేట్: ఒంగోలులో పల్మనాలజిస్టుకి చూపించాం. సీటీలో కుడివైపు పైభాగంలో పాత టీబీ మచ్చలు, బ్రాంకియెక్టాసిస్ ఉన్నాయి. మాస్టారు చెప్పిందే నిజమైంది. ట్రూనాట్ నెగటివ్. కల్చర్ రిపోర్టు ఇంకా రాలేదు. రక్తంలో తెల్లకణాలు 9,200, ఈసినోఫిల్స్ 5 శాతం. డాక్టర్ గారు ఈసినోఫిల్స్ చూసి ఏదో ఆలోచించారు, స్టెరాయిడ్ ఉన్న ఇన్‌హేలర్ గురించి నెక్స్ట్ విజిట్‌లో మాట్లాడదాం అన్నారు. ఇందాకటి దాకా న్యూట్రోఫిల్స్ అన్నారు కదా, ఇదెక్కడిది?

కళ్లె_పీహెచ్‌డీ:
ఈసినోఫిల్స్ అంటే తెల్లకణాల్లో ఇంకో రకం. 9,200లో 5 శాతం అంటే 460. సీఓపీడీలో 300 దాటితే పీల్చే స్టెరాయిడ్ వల్ల జబ్బు తిరగబెట్టడం తగ్గే అవకాశం ఎక్కువ, అందుకే ఆలోచించి ఉంటారు. అందరి కళ్లె ఒకేలా ఉండదు, కొందరిలో న్యూట్రోఫిల్స్‌దే రాజ్యం, కొందరిలో ఈసినోఫిల్స్, కొందరిలో రెండూ. న్యూట్రోఫిల్స్ మీద స్టెరాయిడ్ ప్రభావం తక్కువ, ఈసినోఫిల్స్ మాత్రం దానికి ఇట్టే తగ్గుతాయి. కళ్లె టెస్టు చేసే శ్రమ లేకుండా రక్తంలోని ఈ అంకెతో సరిపెట్టుకుంటున్నారు. డూపిలుమాబ్ అనే ఖరీదైన ఇంజెక్షన్‌ని 2024లో సీఓపీడీకి అనుమతించింది కూడా ఈ అంకె ఎక్కువున్నవాళ్లకే.

కానీ తొందరపడొద్దు. ఇటు నాన్నగారికి పాత టీబీ, బ్రాంకియెక్టాసిస్ ఉన్నాయి, పీల్చే స్టెరాయిడ్‌తో న్యుమోనియా రిస్కు పెరుగుతుంది. ఆ రెండూ తూచి చెప్పాల్సింది డాక్టరే. మన వైపు కడుపులో పురుగులున్నా ఈసినోఫిల్స్ పెరుగుతాయి, అదీ అడగండి. ఆర్ఎంపీ ఇంజెక్షన్ పడిన వారంలో టెస్టు చేస్తే అంకె దొంగలెక్క చూపిస్తుంది, డేటు చెప్పండి.

ఫిజియో_శైలు:
లేటుగా వచ్చాను. బ్రాంకియెక్టాసిస్ అని తేలింది కాబట్టి నా వంతు. ఇంతసేపు చెప్పుకున్న ఎలాస్టేజ్, ఐఎల్-8 అన్నీ ఉండేది ఆ కళ్లెలోనే, అది ఎంతసేపు లోపల నిలవుంటే అంతసేపు గొట్టాల గోడలకి తగులుతూ ఉంటుంది. బయటికి తీయడమే నాకు తెలిసిన మంచి మందు. విచిత్రం ఏంటంటే ప్రిస్క్రిప్షన్‌లో దీన్ని రాసేవాళ్లు తక్కువ.

పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, కడుపు ఖాళీగా ఉన్నప్పుడు. కూర్చుని మామూలుగా కాసేపు ఊపిరి, తర్వాత మూడు నాలుగు సార్లు నిండా పీల్చి కొద్దిగా ఆపి వదలడం, మళ్లీ మామూలు ఊపిరి, ఆపైన హఫ్: నోరు తెరిచి, అద్దం మీద ఆవిరి పట్టించేటప్పుడు "హా" అంటాం కదా అలా, కానీ పొట్ట బిగించి బలంగా. కళ్లె పైకి వచ్చాక ఒక్క దగ్గు చాలు. ఊపిరాడకుండా గంటసేపు దగ్గడం వల్ల అలసటే తప్ప కళ్లె రాదు. మచ్చ కుడివైపు పైభాగంలో ఉంది కాబట్టి కూర్చుని చేస్తేనే బాగా దిగుతుంది, తలకిందకి పెట్టే భంగిమలు ఈయనకి అక్కర్లేదు. ఎప్పుడైనా రక్తం పడితే ఇవన్నీ ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

కొండపి_కుర్రాడు:
శైలు గారూ, పైన మేడమ్ 3 శాతం ఉప్పునీళ్లు అన్నారు కదా, ఇంట్లో నెబులైజర్ ఉంది, అది పెట్టొచ్చా? ఇంట్లో ఉప్పు కలిపి చేసుకోవచ్చా?

ఫిజియో_శైలు:
ఇంట్లో కలపొద్దు, అస్సలు వద్దు. మెడికల్ షాపులో 3 శాతం స్టెరైల్ సెలైన్ చిన్న ట్యూబుల్లో దొరుకుతుంది, డాక్టర్ రాస్తేనే వాడండి. మొదటిసారి క్లినిక్కులో, ముందు సాల్బుటమాల్ ఇచ్చి, ఊపిరి సామర్థ్యం ముందూ తర్వాతా చూసి చేయాలి, కొందరికి గొట్టాలు బిగుసుకుపోతాయి. అది తట్టుకుంటేనే ఇంట్లో, వ్యాయామానికి ముందు. వాడిన ప్రతిసారీ నెబులైజర్ కప్పు, మాస్కు సబ్బునీళ్లతో కడిగి, కాచి చల్లార్చిన నీళ్లతో తొలిచి, పూర్తిగా ఆరబెట్టండి. తడి కప్పులో సూడోమోనాస్ హాయిగా పెరుగుతుంది. కల్చర్ రిపోర్టు వచ్చాక ఇక్కడ పెట్టండి, మాస్టారు చూస్తారు.